ఆదోని సీమలో డిటెక్టివ్ నవల: అద్దె పుస్తకం నుంచి ‘మోహనస్వామి’ దాకా

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానికి డిటెక్టివ్ నవల ఒక్క భాషలో రాలేదు. పత్తి వ్యాపారంతో ‘రెండో ముంబై’ అనిపించుకున్న ఆదోనిలో బజారు భాష తెలుగు. కోట కింది వీధుల్లో ఉర్దూ, ఆలూరు వైపు నుంచి పత్తి బండితో వచ్చిన రైతు నోట కన్నడం వినపడతాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా బళ్ళారి జిల్లా. ఆ రోజు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలులో, రాయదుర్గం అనంతపురంలో కలిశాయి. బళ్ళారి మైసూరుకు పోయింది. గీత పటం మీద పడిందే గాని, పెళ్ళి సంబంధాలూ నాటకాలూ పుస్తకాలూ దాన్ని లెక్కచేయలేదు. 1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిసినప్పటి నుంచి ఆదోని ఆ దారిలో ఒక స్టేషను. మద్రాసులో అచ్చయిన పుస్తకం గుంతకల్లు మీదుగా ఇక్కడ దిగేది. ఎమ్మిగనూరుకు మాత్రం రైలు లేదు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఆ ఊరి దుప్పట్లను, తువాళ్లను దూరాలకు పంపింది. ఊరికి రావలసిన సరుకు, అందులో పుస్తకాలు కూడా, రోడ్డు మీదే వచ్చాయి.

తెలుగు డిటెక్టివ్ నవల ఆ సరిహద్దు గీతకు చాలా ముందే పుట్టింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పాంచకడీ దేవ్ బెంగాలీ కథలు తెలుగులోకి వచ్చాయి. ‘అపరాధ పరిశోధన’ అన్న గంభీరమైన మాట పుస్తకాల అట్టల మీద నిలిచింది, జనం మాత్రం ‘డిటెక్టివ్’ అన్నారు. ‘వాడు డిటెక్టివ్‌లు చదువుతున్నాడు’ అంటే పిల్లవాడు చెడిపోతున్నాడన్న ఫిర్యాదు కూడా అందులోనే ఉండేది. పాఠ్యపుస్తకం మధ్యలో నవల దాచుకుని చదివిన తరం ఆ మాటను మరిచిపోలేదు.

అసలు ఊపు 1950లలో వచ్చింది, మూడు భాషల్లోనూ దాదాపు ఒకేసారి. 1952లో అలహాబాదు నుంచి ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ మొదలైంది. ఆ ఏడాదే ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయినా కల్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ జంటకు సరిహద్దు అడ్డు రాలేదు. కన్నడంలో ఎన్. నరసింహయ్య పత్తేదారు పురుషోత్తముడిని సృష్టించి, దరిమిలా వందల నవలలు రాశారు. డిటెక్టివ్‌కు కన్నడిగుల మాట పత్తేదారు. తెలుగులో తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని అసిస్టెంటు రాజును ఇంటింటికీ చేర్చారు. టెంపోరావు మరో పెద్ద పేరు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్ర కూడా ఒక దశలో ‘పలకల వెండి గ్లాసు’ వంటి డిటెక్టివ్ నవలలు రాశారు. పండితులు ఈ రకం రచనను చిన్నచూపు చూశారన్న మాట పూర్తిగా నిజం కాదనడానికి ఆయనే సాక్ష్యం. 1970ల నుంచి మధుబాబు షాడో వచ్చాడు. డిటెక్టివ్ కాస్తా గూఢచారి అయ్యాడు, హత్య జరిగిన గది స్థానంలో విమానాలు, విదేశాలు వచ్చాయి.

ఈ నవలలు కొనుక్కున్నవాళ్ల కన్నా అద్దెకు తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. అద్దె పుస్తకాల షాపు తెలుగు పట్నాలన్నిటి సంస్థ. దానికి కావలసిందల్లా చిన్న గది, గోడ నిండా బీరువాలు, అట్టలకు ఖాకీ కాగితం, వెనక పేజీలో తేదీలు వేసే చీటీ, కొత్తవాళ్ల దగ్గర కొంత డిపాజిట్టు. రోజు అద్దె పైసల్లో మొదలై కాలక్రమంలో రూపాయికి చేరింది. శాఖా గ్రంథాలయం ఉన్నా అక్కడ డిటెక్టివ్‌లకు ఆదరం తక్కువ, కొత్తవి ఆలస్యంగా వచ్చేవి. గ్రంథాలయం ఇవ్వనిదాన్ని షాపు ఇచ్చింది. 1970లలో రచయిత్రుల నవలల వెల్లువ వచ్చినప్పుడు ఇదే షాపు ఆడవాళ్లకూ పుస్తకం అందించింది. ఇంట్లో ఎవరి పేర పుస్తకం తెచ్చినా, రాత్రిలోగా నలుగురు చదివి తెల్లారి తిరిగి ఇవ్వాలి. 2011 జనగణన నాటికి కూడా కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతమే. ఆ కారణంగా చదివినవాడు చెప్పగా విన్న కథ కూడా చదివిన లెక్కలోకే వస్తుంది. సుగ్గికి, అంటే కోత పనుల వలసకు, గుంటూరు వైపు పోయే పల్లెల్లో నవలకు అంత చోటు లేదు. అది ప్రధానంగా పట్నపు అలవాటు, అందులోనూ రాత్రి దీపం ఖర్చు భరించగల ఇళ్ల అలవాటు.

పాఠకుల అభిప్రాయానికి ఆ రోజుల్లో రెండు దారులు. ఒకటి వారపత్రికలకు రాసే ఉత్తరం. అది కార్డు మీద మర్యాదగా, పేరూ ఊరూ సహా వెళ్లేది. రెండోది అద్దె పుస్తకం అంచు. పెన్సిలుతో ‘సూపర్’, ‘బోరు’, ‘ఇదే కథ ఇంకో పేరుతో చదివాను’ అని రాసేవారు. కొందరు దుర్మార్గులు హంతకుడి పేరు మొదటి పేజీలోనే రాసిపెట్టేవారు. ఉత్తరం రచయితకు వెళితే, అంచులోని మాట తర్వాతి పాఠకుడికి. షాపు యజమాని తిట్టుకుంటూనే రబ్బరుతో చెరిపేవాడు. ఈ రెండో దారిలోని పాఠకుడు సాహిత్య చరిత్రల్లో కనపడడు, కాని ఏ నవల ఎన్నిసార్లు బయటికి వెళ్లిందో చెప్పే తేదీల చీటీయే ఆయన తీర్పు. తీర్పుకు కొలమానం కూడా ఒక్కటే ఉండేది: చివరి పేజీ దాకా హంతకుడు దొరక్కూడదు, దొరికాక ‘అరే, ముందే తెలియాల్సింది’ అనిపించాలి. డిటెక్టివ్ ఎవరిని ప్రేమిస్తాడన్నది ఆ కొలమానంలో లేదు.

ప్రేమకు చోటు లేదని కాదు. షాడో కథల్లో అందగత్తెలకు కొదవ లేదు. అయితే ఈ సాహిత్యం వెన్నెముక ఇద్దరు మగవాళ్ల జంట. యుగంధర్–రాజు, ఫరీదీ–హమీద్, వాళ్లందరికీ మూలపురుషులైన హోమ్స్–వాట్సన్. తెలుగు పాఠకులు ఈ జంటను గురుశిష్యులుగానో అన్నదమ్ములుగానో చదివారు, అనుమానించే అవసరం రాలేదు. ఇంగ్లీషు పాఠకులు మాత్రం ఆ జంటతో ఆటలాడారు. 1941లో అమెరికా రచయిత రెక్స్ స్టౌట్, హోమ్స్ అభిమానుల సభలో వాట్సన్ నిజానికి ఆడమనిషని వాదిస్తూ ఒక చిలిపి ప్రసంగం చేశాడు. 1970లో బిల్లీ వైల్డర్ సినిమాలో హోమ్స్ ఒక నర్తకి కోరికను తప్పించుకోడానికి తానూ వాట్సన్ జంట అన్న అభిప్రాయం కలిగిస్తాడు, వాట్సన్ గగ్గోలు పెడతాడు. హాస్యం కింద దాక్కున్న ఆ మాటను అదే ఏడాది జోసెఫ్ హాన్సెన్ నేరుగా రాశాడు. ‘ఫేడవుట్’ నవలలో బీమా కంపెనీ దర్యాప్తు అధికారి డేవ్ బ్రాండ్‌స్టెటర్ మగవాణ్ణి ప్రేమించిన మగవాడు, భాగస్వామిని పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్నవాడు. ఆ దుఃఖం కేసు కాదు, దర్యాప్తు చేసేవాడి బతుకు. 1991 దాకా 12 నవలలు వచ్చాయి. అటుపైన ఇంగ్లీషులో గే డిటెక్టివ్ కథ, అందులో ప్రేమకథ కలిపిన రకం, సొంత పాఠకవర్గమున్న శాఖగా పెరిగింది.

భారతదేశంలో ఆ దారికి చట్టం అడ్డంగా ఉండేది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను స్వలింగ సంబంధాన్ని నేరం చేసింది. శిక్ష పదేళ్ల దాకా, లేదా యావజ్జీవం. అంటే డిటెక్టివ్ నవలలో అలాంటి ప్రేమ వస్తే దాన్ని బయటపెట్టడమే ఒక నేర పరిశోధన. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షను ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని మళ్లీ తిరగరాసింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనుకు ప్రతిరూపమే లేదు.

చట్టం కన్నా ఊరి చూపు పాతది. బళ్ళారి సీమలో ఎల్లమ్మ పేరిట ఆడవేషం కట్టే జోగప్పలు ఎప్పటి నుంచో ఉన్నారు. ఆ జిల్లాకే చెందిన మంజమ్మ జోగతి కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయ్యారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. దేవత పేరు మీద, వేషం మీద ఈ సీమకు ఒక చోటు, ఒక మాట ఉన్నాయి. మామూలు చొక్కా తొడుక్కుని బ్యాంకులోనో మిల్లులోనో పనిచేస్తూ మరో మగవాణ్ణి ప్రేమించేవాడికి మాత్రం తిట్టు తప్ప పేరు లేదు. కథకు పేరు ముందు కావాలి, ఆ పేరు లేకపోవడమే ఇన్నాళ్లు అడ్డు.

పోలీసు కథలోకి ఆ ప్రేమ మలయాళ సినిమా ద్వారా వచ్చింది. 2013లో రోషన్ ఆండ్రూస్ తీసిన ‘ముంబై పోలీస్’లో పృథ్వీరాజ్ పోషించిన అధికారి ప్రమాదంలో జ్ఞాపకం పోగొట్టుకుంటాడు. స్నేహితుడి హత్య కేసును తిరిగి దర్యాప్తు చేస్తూ హంతకుడు తానేనని, తాను గే అన్న రహస్యం ఆ స్నేహితుడికి తెలిసిపోవడమే కారణమని కనుక్కుంటాడు. ఇదే కథ సుధీర్ బాబు కథానాయకుడిగా ‘హంట్’ పేరుతో 2023 జనవరి 26న తెలుగులో విడుదలైంది. ఆడలేదు. అభిప్రాయాలు రెండుగా చీలాయి. పేరున్న నటుడు ఆ పాత్రకు ఒప్పుకోవడాన్ని కొందరు మెచ్చారు, మలుపు బలవంతంగా అతికించినట్టుందని మరికొందరు అన్నారు. కథ నిర్మాణంలోని చిక్కు ఇరువైపులవారూ తడిమిందే. రహస్యం చివరి పేజీ దాకా దాగాలన్న పాత కొలమానం ఇక్కడ ప్రేమకే వర్తించింది, ప్రేమ హంతకుడి పేరు పక్కన చేరింది. అద్దె పుస్తకం మొదటి పేజీలో రాసిన పేరులాగే, ఎవరైనా ముందే చెప్పేస్తే సినిమాలో మిగిలేది తక్కువ.

2013లోనే కన్నడంలో వేరే తీరు పుస్తకం వచ్చింది. దాని రచయిత వసుధేంద్ర సండూరువాడు. సండూరు బళ్ళారి పక్కనే ఉన్న గనుల ఊరు, 1953 గీతకు అవతల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి రచయిత, ప్రచురణకర్త అయిన ఆయన మొదటి మోహనస్వామి కథను మారుపేరుతో ప్రచురించారు. ఈ సీమ పాఠకులకు మారుపేర్లు కొత్త కాదు, డిటెక్టివ్ రచయితలు ఎందరో ఆ దారినే నడిచారు. కథల సంపుటి ‘మోహనస్వామి’ మాత్రం ఆయన సొంత పేరుతో వెలువడింది. తాను గే అన్న మాట దాంతోనే బహిరంగమైంది. ఆ కథల్లో హత్య లేదు, దర్యాప్తు లేదు. చిన్న ఊరి బ్రాహ్మణ కుర్రాడు నగరానికి వచ్చి, తనతో ఒకే ఇంట్లో ఉన్న కార్తీక్‌ను ప్రేమించి, అతనికి పెళ్లి కుదరడం చూస్తాడు. అతని రహస్యం ఏ డిటెక్టివ్‌కూ దొరకదు, దాచుకోవడంలోని అలసటే కథ. పుస్తకం వచ్చాక వసుధేంద్రకు ఫోన్లు మొదలయ్యాయి. ఎక్కువ మంది పుస్తకం బాగుందో లేదో చెప్పడానికి కాక, తమ గురించి ఎవరితోనూ అనని మాట చెప్పుకోవడానికి చేశారు. పాఠకుల అభిప్రాయం అన్న మాటకు అంచు రాతల తరం ఊహించని అర్థం అది.

ఆ పుస్తకాన్ని తెలుగు చేసింది ఆదోనికి చెందిన రంగనాథ రామచంద్రరావు. ఛాయ సంస్థ ప్రచురించింది. కన్నడం వీధిలో వినపడే ఊరివాడికి ఈ అనువాదం దక్కడంలో వింత లేదు. సండూరు మాండలికపు నుడికారం గుంటూరు తెలుగులో కన్నా ఆదోని తెలుగులో సులభంగా ఒదుగుతుంది. శాంతినాథ దేసాయి నవల ‘ఓం ణమో’ అనువాదానికి ఆయన కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం (2020) పొందారు. వసుధేంద్ర చారిత్రక నవల ‘తేజో తుంగభద్ర’ కూడా ఆయన చేతుల మీదుగానే తెలుగైంది.

అద్దె షాపులు ఇంటింటికీ టీవీ వచ్చిన తర్వాత, 1990ల నుంచి ఒక్కొక్కటే మూతపడ్డాయి. పాత యుగంధర్, షాడోలు ఇప్పుడు ఫోను తెరమీదికి చేరారు. ఆ తెరమీదే ప్రతిలిపి వంటి వేదికల్లో కొత్త రచయితలు భాగాలు భాగాలుగా క్రైమ్ కథలు రాస్తున్నారు, పాఠకులు ప్రతి భాగం కిందా అభిప్రాయం పెడుతున్నారు. ఫోనులో చదివే పుస్తకానికి ఖాకీ అట్ట అక్కర్లేదు. ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా ఎవరు ఏం చదువుతున్నారో పక్కవాడికి కనపడదు.