డిగ్రీ మధ్యలో విశ్వవిద్యాలయం మారడం

ఒక విశ్వవిద్యాలయంలో డిగ్రీ కోర్సు మొదలుపెట్టిన విద్యార్థి, దాన్ని పూర్తి చేయకముందే మరో విశ్వవిద్యాలయంలో చేరి, అప్పటిదాకా చదివిన చదువుకు అక్కడ గుర్తింపు పొంది, మిగిలినది పూర్తి చేయడాన్ని విశ్వవిద్యాలయ బదిలీ అంటారు. కాలేజీ కాగితాల్లో ట్రాన్స్‌ఫర్, మైగ్రేషన్ అనే మాటలే ఎక్కువగా కనిపిస్తాయి. ఇందులో ముడిపడి ఉన్న ప్రశ్నలు రెండు. కొత్త చోట సీటు దొరుకుతుందా అన్నది ఒకటి. పాతచోట పాసైన సబ్జెక్టుల్లో ఎన్నింటిని కొత్తవాళ్లు ఒప్పుకుంటారన్నది రెండోది. విద్యార్థి, తల్లిదండ్రులు మొదటి ప్రశ్న వెంట పరుగెడతారు. ఏడాదో రెండేళ్లో పోగొట్టేది మాత్రం ఎక్కువసార్లు రెండోదే.

ఒకే విశ్వవిద్యాలయం కింద ఉన్న రెండు అనుబంధ కాలేజీల మధ్య మారడం దీనికంటే సులువు. అక్కడ సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే, హాల్‌టికెట్ ఇచ్చేదీ ఒకరే. ఒకే కాలేజీలో బ్రాంచి మారడం మరో విషయం. ఈ వ్యాసం ప్రధానంగా విశ్వవిద్యాలయమే మారే సందర్భాల గురించి.

చరిత్ర

ఐరోపాలో ఒకచోట చదివి మరోచోట పట్టా పుచ్చుకోవడం పాత అలవాటే. ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ క్రాకోలో మొదలుపెట్టి, బొలోన్యా, పదువాల్లో చదివి, 1503లో ఫెరారాలో న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నాడు. చదువును క్రెడిట్లుగా లెక్కగట్టి ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకెళ్లే ఏర్పాటు అక్కడ 1980ల చివర్లో మొదలైంది. ఆ పద్ధతిలో పూర్తికాలం చదివే ఏడాదికి 60 క్రెడిట్లు.

తెలుగువారి చరిత్రలో ఇలాంటి పెద్ద సంఘటన 1938 చివర్లో జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడటాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మెకు దిగారు. అది నిజాం రాజ్యంలోని ఇతర కాలేజీలకూ పాకింది. వందల మందిని బయటికి పంపేశారు. రాజ్యంలో మరో విశ్వవిద్యాలయం లేదు. వారిలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అప్పట్లో వరంగల్‌లో ఇంటర్మీడియట్ చదువుతున్న పి.వి. నరసింహారావు కూడా ఆ పిల్లల్లో ఒకరు. అప్పటి ఇంటర్మీడియట్ విశ్వవిద్యాలయ చదువులో భాగమే. ఆయన ఆ తర్వాత పుణెలోని ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ, మళ్లీ నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివారు.

ఈ ఉదంతాన్ని ఉద్యమ చరిత్రగానే చెప్పుకుంటాం. చదువు కోణంలోనూ దాన్ని చూడాలి. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో జరిగేది, నాగపూర్‌లో ఇంగ్లిషులో. శాస్త్ర పాఠాలు ఉర్దూ పరిభాషలో నేర్చుకున్న పిల్లలు పరీక్షలు మరో భాషలో రాయాల్సి వచ్చింది. ఇల్లు, ఊరు, బోధన భాష అన్నీ ఒకేసారి మారాయి. అయినా ఒక విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది కాబట్టి వారి చదువు ఆగిపోలేదు.

క్రెడిట్ల ఖాతా

భారతదేశంలో చాలాకాలం డిగ్రీ అంటే ఏడాది చివర పరీక్ష. ఫస్టియర్ పాసయ్యాడా లేదా అన్నదే లెక్క. అలాంటి పద్ధతిలో సగం చదువుకు విలువ కట్టడం కష్టం. సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాక సబ్జెక్టు వారీగా లెక్క చూసే వీలు కలిగింది. 2020 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, 2021 జులైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. విద్యార్థి పేరిట ఆన్‌లైన్‌లో ఒక ఖాతా ఉంటుంది. చదివిన సంస్థలు అతడు సంపాదించిన క్రెడిట్లను అందులో జమ చేస్తాయి. జమైన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. విద్యార్థికి గుర్తింపుగా ఇచ్చే 12 అంకెల అపార్ నంబరు ఇప్పుడు ఈ ఖాతాకు ఆధారం. ఏడాది చదివి ఆపేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్ ఇచ్చే పద్ధతి కూడా దీనితో కలిసి వచ్చిందే.

ఇది మేలైన ఏర్పాటు. దాని హద్దు కూడా విద్యార్థికి తెలిసి ఉండాలి. ఖాతాలో క్రెడిట్లు ఉన్నంత మాత్రాన కోరుకున్న విశ్వవిద్యాలయంలో సీటు హక్కుగా రాదు. చేర్చుకోవాలా వద్దా, ఏ సబ్జెక్టును దేనికి సమానంగా తీసుకోవాలన్నది చేర్చుకునే సంస్థే తేలుస్తుంది. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్న షరతు కూడా 2021 నిబంధనల్లో ఉంది. కాబట్టి నాలుగేళ్ల కోర్సులో మూడేళ్లు ఒకచోట చదివి, చివరి ఏడాది పేరున్న సంస్థకు మారి అక్కడి పట్టా పుచ్చుకుందామంటే కుదరదు.

ఇంజినీరింగ్‌లో

ఐఐటీలలో ప్రవేశం జాతీయ ర్యాంకుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, ఒక ఐఐటీ నుంచి మరో ఐఐటీకి డిగ్రీ మధ్యలో మారే దారి మామూలుగా లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగం జేఎన్‌టీయూల అనుబంధ కాలేజీలు. 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. ఆ తర్వాత ఎవరి సిలబస్ వారిది, ఎవరి రెగ్యులేషన్ వారిది. పేరులో జేఎన్‌టీయూ ఉన్నా ఇవి వేర్వేరు విశ్వవిద్యాలయాలే. కాకినాడ పరిధి నుంచి హైదరాబాద్ పరిధికి వచ్చే విద్యార్థి విశ్వవిద్యాలయం మారినట్టే లెక్క.

రెగ్యులేషన్ మాటను దగ్గరగా చూస్తే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. హైదరాబాద్ జేఎన్‌టీయూలో ఆర్18, ఆర్22 అని, కాకినాడ, అనంతపురాల్లో ఆర్20, ఆర్23 అని ఉంటాయి. ఆ అంకెలు సిలబస్ అమల్లోకి వచ్చిన ఏడాదిని చెబుతాయి. విద్యార్థి చేరిన బ్యాచ్ ఏ రెగ్యులేషన్ కిందికి వస్తే అందులోని సబ్జెక్టులన్నీ పాసవ్వాలి. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చేవారికి హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 నిబంధనలు మూడు సంగతులు స్పష్టంగా చెబుతాయి. పాతచోట తప్పిన సబ్జెక్టులకు ఇక్కడ సమానమైనవి ఉంటే వాటిని పాసవ్వాలి. ఇక్కడ ఉండి అక్కడ చదవనివి కూడా పాసవ్వాలి. మూడోదే కొత్తగా వచ్చినవారిని ఆశ్చర్యపరుస్తుంది. పాతచోట పాసైన సబ్జెక్టే ఇక్కడ వేరే సెమిస్టర్‌లో ఉంటే, మళ్లీ చదవాల్సిందే.

ఉదాహరణకు, ఇంజినీరింగ్ కెమిస్ట్రీ ఒకచోట మొదటి సెమిస్టర్‌లో, మరోచోట రెండో సెమిస్టర్‌లో ఉందనుకుందాం. సెకండియర్‌లోకి మారిన విద్యార్థికి రెండు సెమిస్టర్లూ అయిపోయాయి కాబట్టి ఇబ్బంది తక్కువ. అదే ఒక సబ్జెక్టు పాతచోట సెకండియర్ మొదటి సెమిస్టర్‌లో, కొత్తచోట రెండో సెమిస్టర్‌లో ఉండి, విద్యార్థి ఆ మధ్యలో మారితే, పాసైనదాన్నే మళ్లీ క్లాసులో కూర్చుని చదవాలి. పైగా దాని స్థానంలో కొత్తచోట మొదటి సెమిస్టర్‌లోనే అయిపోయిన సబ్జెక్టు మీదపడి, దాన్ని బ్యాక్‌లాగ్‌లాగా మోయాల్సి వస్తుంది. మారేవారు విద్యాసంవత్సరం మొదట్లోనే మారడం మంచిదనడానికి ఇదే కారణం.

ఏయే సబ్జెక్టులు సమానమో తేల్చి విశ్వవిద్యాలయం ఒక ఈక్వివలెన్స్ లేఖ ఇస్తుంది. అందులో పేర్కొన్న సబ్జెక్టులకు ఇంటర్నల్ పరీక్షలు రాయడానికి ఒక అవకాశం కూడా ఇస్తారు. బదిలీ ఫైలులో అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఈ లేఖే. అది చేతికి రాకముందే పాత కాలేజీలో టీసీ (ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్) తీసుకోవడం ప్రమాదం.

కాలేజీ మూతపడినప్పుడు పరిస్థితి వేరు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) క్రమంగా మూసివేతకు అనుమతిస్తే, కొత్త ప్రవేశాలు ఆగుతాయి గానీ ఉన్న విద్యార్థులు అక్కడే చదువు ముగిస్తారు. పూర్తిగా మూసేస్తే పిల్లలను దగ్గరలోని ఇతర కాలేజీలకు సర్దుతారు. విశ్వవిద్యాలయం అదే కాబట్టి క్రెడిట్లకు నష్టం ఉండదు.

వైద్యవిద్యలో

ఎంబీబీఎస్‌లో మారడం మొదటి నుంచీ గట్టి కట్టడి మధ్యే ఉంది. 1997 నిబంధనల ప్రకారం ఫస్ట్ ఎంబీబీఎస్ పాసైన తర్వాతే, ఫలితాలొచ్చిన నెలలోపే దరఖాస్తు చేసుకోవాల్సి ఉండేది. కాలేజీ సీట్లలో 5 శాతానికి మించి మైగ్రేషన్లు ఉండకూడదన్నది అప్పటి నియమం. క్లినికల్ చదువు మొదలయ్యాక మారే వీలు ఉండేది కాదు. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనలు ఆ కొద్దిపాటి వెసులుబాటునూ తీసేశాయి. దానిపై విద్యార్థులు కోర్టుకెక్కారు.

కాలేజీయే అనుమతి కోల్పోతే ఏం చేస్తారన్నదానికి తెలంగాణలో 2022 ఉదాహరణ ఉంది. మూడు ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతులను జాతీయ వైద్య కమిషన్ ఉపసంహరించినప్పుడు, వాటిలో చేరిన విద్యార్థులను ఇతర కాలేజీల్లో అదనపు సీట్లు సృష్టించి సర్దుబాటు చేశారు. తప్పు విద్యార్థిది కానప్పుడు నిబంధనను సడలించడం సాధ్యమేనని అది చూపించింది.

అదే ఏడాది ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చినవారికి అలాంటి ఊరట దొరకలేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలయ్యాక వేలాది మంది భారతీయ వైద్య విద్యార్థులు చదువు మధ్యలో ఇళ్లకు చేరారు. వారిలో తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. తమను ఇక్కడి కాలేజీల్లో చేర్చుకోవాలని కోరారు. చట్టంలో అందుకు వీల్లేదని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. పోనీ మరో దేశానికి మారదామంటే, విదేశీ వైద్యవిద్య మొత్తం ఒకే సంస్థలో సాగాలన్న భారతీయ నిబంధన అడ్డొచ్చింది. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ ఒక మధ్యేమార్గానికి అభ్యంతరం లేదంది. విద్యార్థి తాత్కాలికంగా వేరే దేశపు విశ్వవిద్యాలయంలో చదవచ్చు, పట్టా మాత్రం ఉక్రెయిన్‌లోని మాతృసంస్థే ఇవ్వాలి. అంటే మనిషి మారినా విశ్వవిద్యాలయం మారలేదని కాగితం మీద చూపించారు. 2023 మార్చిలో చివరి ఏడాది విద్యార్థులకు ఇక్కడి కాలేజీల్లో చేరకుండానే ఎంబీబీఎస్ పార్ట్-1, పార్ట్-2 పరీక్షలు రాసే ఒకే ఒక అవకాశం, ఆపైన రెండేళ్ల ఇంటర్న్‌షిప్ అన్న ఏర్పాటు వచ్చింది. ఫస్టియర్, సెకండియర్ పిల్లలకు అది అందని పండే. అప్పులు చేసి పంపిన కుటుంబాలకు ఆ ఏడాదిపాటు ఏ దారీ తేలకపోవడం, బదిలీకి ముందే రాసిపెట్టుకున్న నియమం లేకపోతే ఏమవుతుందో చెబుతుంది.

అమెరికాలో

బదిలీని ఉన్నత విద్యలో మామూలు దారిగా మలచిన దేశం అమెరికా. 1960 నాటి కాలిఫోర్నియా మాస్టర్ ప్లాన్ ప్రకారం, ఎవరైనా తక్కువ ఫీజుతో కమ్యూనిటీ కాలేజీలో మొదటి రెండేళ్లు చదివి, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదిలో చేరవచ్చు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. క్వార్టర్ పద్ధతిలో నడిచే కాలేజీ అయితే 90. అక్కడి క్వార్టర్ క్రెడిట్ సెమిస్టర్ క్రెడిట్‌లో మూడింట రెండు వంతులే. బరాక్ ఒబామా లాస్ ఏంజలెస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీలో రెండేళ్లు చదివి, 1981లో కొలంబియాకు మారి, 1983లో డిగ్రీ పూర్తి చేశారు.

అక్కడా నష్టం తప్పదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2004-2009 మధ్య మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అంచనా.

తెలుగునాట నుంచి ఎంఎస్‌కు వెళ్లేవారికి బదిలీ అంటే క్రెడిట్లతో పాటు సెవిస్ రికార్డు కూడా. ఎఫ్-1 వీసా మీద ఉన్న ప్రతి విద్యార్థి వివరాలు ఆ ప్రభుత్వ వ్యవస్థలో ఉంటాయి. మారదలచినవారికి ముందు కొత్త విశ్వవిద్యాలయంలో అడ్మిషన్ ఉండాలి. ఆ తర్వాత పాత విశ్వవిద్యాలయ అధికారి ఒక తేదీ నిర్ణయించి రికార్డును విడుదల చేస్తారు. ఆ తేదీ దాటితే పాతచోట క్యాంపస్ ఉద్యోగం చేసే అనుమతి కూడా పోతుంది. రికార్డు విడుదలైన ఐదు నెలల్లోపు కొత్తచోట చదువు మొదలవ్వాలి. మాస్టర్స్‌లో పాత క్రెడిట్లు కొద్దిగానే చెల్లుతాయి. ఫీజు భారమనో, బంధువులున్న ఊరనో ఒక సెమిస్టర్ కాగానే మారేవారు ఇది ముందే లెక్కేసుకోవాలి.

తప్పుడు సంస్థకు మారితే ఫలితం తీవ్రం. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీని 2011 జనవరిలో మూసేసినప్పుడు, అందులో చేరిన తెలుగు విద్యార్థుల్లో కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. 2019 జనవరిలో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే, వలస అధికారులే నకిలీగా నడిపినది. అందులో క్లాసులు లేవు, అధ్యాపకులు లేరు. అరెస్టయినవారిలో తెలుగువారే ఎక్కువ. ఇతర విశ్వవిద్యాలయాల నుంచి బదిలీపై వచ్చినవారూ అందులో ఉన్నారు.

కాగితాలు, ఫీజులు

భారతదేశంలో బదిలీకి మామూలుగా అడిగేవి రెండు కాలేజీల ఎన్‌ఓసీలు (అభ్యంతరం లేదనే పత్రాలు), మార్కుల మెమోలు, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లు, చదివిన సెమిస్టర్ల సిలబస్. సిలబస్ ప్రతి మీద పాత సంస్థ ముద్ర ఉండాలి, అది విద్యార్థి చదివిన రెగ్యులేషన్‌దే అయి ఉండాలి. కన్వీనర్ కోటాలో ఉండి ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందేవారు, కొత్త కాలేజీలో అది కొనసాగుతుందో లేదో సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

మిగిలిన ఏళ్ల ఫీజు మొత్తం కడితేనే టీసీ ఇస్తామని కొన్ని ప్రైవేటు కాలేజీలు పట్టుబడతాయి. ఎక్కువ కుటుంబాలు భయపడి కడతాయి కూడా. యూజీసీ 2018 అక్టోబరు ఉత్తర్వుల ప్రకారం, సంస్థలు విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర పెట్టుకోకూడదు. వాటిని పరిశీలించి, ప్రతులు తీసుకుని, వెంటనే తిరిగివ్వాలి. చదవబోయే సెమిస్టర్‌కో ఏడాదికో తప్ప కోర్సు మొత్తానికి ముందే ఫీజు వసూలు చేయకూడదు. ఈ ఉత్తర్వు ప్రతిని జతచేసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం విద్యార్థి చేయగలిగిన మొదటి పని. అక్కడ పని జరగకపోతే యూజీసీకీ, కాలేజీ అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కూ ఫిర్యాదు చేయవచ్చు.