ముద్ర ఒక్కటే సాక్ష్యం కాదు: పాత చైనా పింగాణీని గుర్తించడం ఎలా?

నీలి పూల పింగాణీ గిన్నె ఒకటి మీ చేతికి వచ్చిందనుకుందాం. బోర్లించి చూస్తే అడుగున ఆరు చైనా అక్షరాలున్నాయి. 'మహా మింగ్ వంశపు చెంగ్‌హువా కాలంలో తయారైనది' అని వాటి అర్థం. ఆ కాలం 1465-1487. అయితే ఈ గిన్నె వయసు అయిదు వందల ఏళ్లు దాటిందని చెప్పవచ్చా? తొందరపడకూడదు.

చైనాలో పూర్వుల పనితనాన్ని అనుకరించడం గౌరవంగా భావించేవారు. కాంగ్షీ చక్రవర్తి కాలంలో (1662-1722) జింగ్‌దెజెన్ పట్టణపు పనివారు తమ పాత్రలపై రెండు వందల ఏళ్ల కిందటి చెంగ్‌హువా ముద్రను వేసేవారు. అది ఎప్పుడూ మోసం కోసమే కాదు. నేటి నకిలీదారులు మాత్రం అదే ముద్రను డబ్బు కోసం వేస్తున్నారు. కనుక ముద్ర ఒక్కదానితో కాలాన్ని నిర్ణయించలేం.

మరి ఏమి చూడాలి? మొదటిది, అడుగు అంచు. అక్కడ సాధారణంగా గాజుపూత ఉండదు, లోపలి మట్టి కనిపిస్తుంది. తరతరాల వాడకంతో ఆ అంచు నునుపుదేరుతుంది, గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దిన నకిలీలో గీతలు ఒకే దిక్కున కనిపిస్తాయి. టీ నీళ్లతో పులిమిన మరక అంతటా ఒకేలా ఉంటుంది.

రెండవది, నీలిరంగు. 14వ శతాబ్దంలోనూ, 15వ శతాబ్దం ఆరంభంలోనూ పర్షియా ప్రాంతం నుండి తెచ్చిన కోబాల్ట్‌లో ఇనుము ఎక్కువ. అందువల్ల రంగు చిక్కగా పడినచోట నల్లని మచ్చలు పూతలోకి దిగి ఉంటాయి. నకిలీదారులు ఆ మచ్చలను కుంచెతో పెడతారు.

మూడవది, లోపలి గోడ. పాత పెద్ద కూజాలను భాగాలుగా చేసి అతికేవారు. చేతితో తడిమితే అతుకు తెలుస్తుంది. అచ్చులో పోసిన నేటి కూజాలో అది తరచుగా ఉండదు.

ప్రయోగశాలలో మరొక పరీక్ష ఉంది. మట్టిలోని స్ఫటికాలు కాల్చిన నాటి నుండి సహజ రేడియోధార్మికత శక్తిని నిల్వ చేసుకుంటాయి. వేడి చేస్తే ఆ శక్తి వెలుగుగా బయటపడుతుంది. ఆ వెలుగును కొలిచి వయసును అంచనా వేస్తారు. దీనినే థెర్మోల్యూమినిసెన్స్ అంటారు. అయితే పాత పాత్ర అడుగును కొత్త పాత్రకు అతికించే మోసగాళ్లూ ఉన్నారు. అందుచేత నమూనా ఎక్కడ నుండి తీశారన్నదీ ముఖ్యమే.

ఇదంతా ధర కోసమేనా? కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించాడు. అక్కడి తవ్వకాలలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. అంగడిలో వాటికి ధర పలకకపోవచ్చు. కానీ ఏ మట్టి పొరలో, వేటి పక్కన దొరికిందో తెలిసిన పెంకు సముద్ర వాణిజ్యానికి సాక్ష్యమవుతుంది. నకిలీ పాత్ర అబద్ధపు సాక్ష్యం చెబుతుంది. దొంగతవ్వకంలో తీసిన అసలు పాత్ర కూడా సగం మూగదే.

కాబట్టి విద్యార్థులు ఏ పురావస్తువును చూసినా 'ఇది ఎంత పాతది?' అనే ప్రశ్నతో ఆగకూడదు. 'ఇది ఎక్కడ దొరికింది, ఎవరెవరి చేతులు మారి వచ్చింది?' అని కూడా అడగాలి.