పెద్దవాళ్లు తొలిసారి హైదరాబాద్ వస్తున్నారా? మూడు రోజుల్లో ఏం చూపించాలి, ఏం వదిలేయాలి

మా అమ్మ, నాయన నంద్యాల నుంచి మొదటిసారి హైదరాబాద్ వచ్చినప్పుడు నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ఒకే రోజులో ఐదు చోట్లు తిప్పడం. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, సాయంత్రం చార్మినార్, మక్కా మస్జిద్, రాత్రి ట్యాంక్‌బండ్. ఇంటికొచ్చేసరికి అమ్మ కాళ్లు వాచిపోయాయి. మర్నాడు ఇద్దరూ మంచం దిగలేదు. తిరుగు రైలెక్కేటప్పుడు నాయన ఒక్క మాటే అన్నారు: "మక్కా మస్జిద్‌లో ఇంకా రోంతసేపు కూర్చుందామంటే నువ్వు కూర్చోనీయలేదు రా." ఆ తర్వాత ఆయన మోకాళ్లు ఇంకో ప్రయాణానికి ఒప్పుకోలేదు.

కర్నూలు, కడప, గుంటూరు, ఒంగోలు వైపు నుంచి మన పెద్దవాళ్లు పిల్లల ఇంటికో, పెళ్లికో, డాక్టరు దగ్గరికో హైదరాబాద్ వస్తూనే ఉంటారు. చాలామందికి అదే మొదటిసారి, కొందరికి అదే ఆఖరిసారి కూడా. అందుకని ఎన్ని చోట్లు చూపించామన్న లెక్క పక్కనపెట్టి, రోజుకు ఒక్క పెద్ద చోటు చాలనుకోండి. అది కూడా పొద్దున పూటే. మధ్యాహ్నం భోజనం, జొహర్ నమాజు, ఒక కునుకు. సాయంత్రం ఓపిక ఉంటే దగ్గర్లో ఏదైనా చిన్నది, లేకపోతే ఇంట్లోనే టీ.

ముందు వాళ్లనే అడగాలి. "ఏం చూస్తారు?" అంటే "నీ ఇష్టం నాయనా" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. "చిన్నప్పుడు హైదరాబాద్ గురించి ఏం విన్నారు?" అని అడిగి చూడండి. ఒకరు నిజాం సంగతి ఎత్తుతారు, ఒకరు చార్మినార్ గాజులంటారు, ఒకరు మక్కా మస్జిద్‌లో జుమా చదవాలంటారు. ఆ ఒక్కటి ముందు ఖాయం చేసుకుంటే మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి.

ఏ వారం రావాలి?

చాలామంది పొరపడేది ఇక్కడే. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారం సెలవు. నెహ్రూ జూపార్కుకు సోమవారం సెలవు. ఆదివారం చార్మినార్ చుట్టూ అడుగు పెట్టే సందు ఉండదు. శని, ఆదివారాలు పిల్లలకు ఆఫీసు సెలవు కాబట్టి అప్పుడే రమ్మంటాం గానీ, పెద్దవాళ్లతో తిరగడానికి అవి అన్నిటికంటే కష్టమైన రోజులు. రెండు రోజులు సెలవు పెట్టుకోగలిగితే బుధవారం రాత్రికి చేరుకునేలా రమ్మనండి. గురువారం మ్యూజియం, శుక్రవారం చార్మినార్, మక్కా మస్జిద్, శనివారం పొద్దున్నే కుతుబ్‌షాహీ సమాధులు. ఈ వరుసలో పెట్టుకుంటే శుక్రవారం సెలవు మనకు అడ్డం రాదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పిలవకండి. రంజాన్‌లో పాతబస్తీ అందమే వేరు, నిజమే. కానీ ఇఫ్తార్ తర్వాత ఆ జనంలో చేతికర్రతో నడిచేవాళ్లను తీసుకెళ్లడం సాహసమే.

రైలు, బస్సు, మెట్రో

రైలు టికెట్టు తీసేటప్పుడు ఒక చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. 60 ఏళ్లు దాటిన మగవాళ్లకు, 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా ఉంది. అయితే ఒకే టికెట్టు మీద కుటుంబమంతా కలిపి బుక్ చేస్తే ఆ కోటా వర్తించదు. అమ్మానాన్నలకు ఇద్దరికే వేరుగా టికెట్టు తీయండి, మిగతావాళ్లది ఇంకో టికెట్టు. టికెట్టు ధరలో సీనియర్ సిటిజన్ రాయితీ అయితే 2020 మార్చి నుంచి లేదు.

కర్నూలు వైపు నుంచి వచ్చే బండ్లు చాలావరకు కాచిగూడ మీదుగా వస్తాయి. పాతబస్తీ వైపు ఉండేవాళ్లు సికింద్రాబాద్ దాకా వెళ్లకుండా అక్కడే దించుకుంటే మేలు.

సిటీ బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదని ఊళ్లో విని వస్తారు. ఆ మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఉంటున్నవాళ్లకే. ఆంధ్రా ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు కొనాల్సిందే. కండక్టరుతో వాదన పెట్టుకుని అమ్మను బస్సులో చిన్నబుచ్చకండి, ముందే చెప్పి ఉంచండి.

మెట్రో పెద్దవాళ్లకు నిజంగా సుఖం. లిఫ్టులున్నాయి, చల్లగా ఉంటుంది, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. మా అమ్మకు అన్నిటికంటే నచ్చింది అదే, చార్మినార్ కాదు! కానీ మెట్రో చార్మినార్ దాకా పోదు. ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో పట్టాలి. సాలార్‌జంగ్ మ్యూజియం అక్కడికి దగ్గరే, మూసీ అవతల ఒడ్డున.

గురువారం: సాలార్‌జంగ్ మ్యూజియం

10 గంటలకు తెరుస్తారు, 5 గంటలకు మూసేస్తారు. తెరిచే వేళకే గేటు దగ్గరుంటే మంచిది. వీల్‌చెయిర్ అడగండి. "నేను నడుస్తాలే" అని నాన్న అంటారు, అయినా తీసుకోండి. మొదటి గంట ఆయన దాన్ని తోసుకుంటూ నడుస్తారు, రెండో గంటకు అందులో కూర్చుంటారు.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించిన వస్తువులే ఈ మ్యూజియానికి ఆధారం. 1951లో తెరిచారు. అన్ని గదులూ చూడాలంటే రోజంతా చాలదు, చూడనక్కర్లేదు కూడా. నాలుగు చూపించండి. మొదటిది, ముసుగు వేసుకున్న రెబెక్కా. పాలరాయిలో పల్చటి మేలిముసుగు చెక్కిన ఆ శిల్పి ఇటలీకి చెందిన బెంజోనీ. మొదటి సాలార్‌జంగ్ 1876లో దాన్ని తెచ్చుకున్నారు. రెండోది, జేడ్ రాతి వస్తువుల గదిలో ఉన్న జహంగీర్, నూర్జహాన్‌ల బాకులు. మూడోది, చేతిరాత ఖురాన్ ప్రతులు. పెద్దవాళ్లు ఇక్కడ ఎక్కువసేపు నిలబడిపోతారు, తొందరపెట్టకండి. నాలుగోది సంగీత గడియారం. గంట గంటకూ ఒక గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. మధ్యాహ్నం 12కు పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పుడు జనం ఎక్కువ. ఓ పావుగంట ముందే వెళ్లి కూర్చునే చోటు చూసుకోండి. మోకాళ్ల నొప్పులవాళ్లకు అంతకుముందు 11 గంటల దెబ్బలే చాలు, జనం తక్కువ.

బయటికి వచ్చే ముందు అందరినీ బాత్రూముకు పంపండి. ఇది నవ్వులాట మాట కాదు. షుగరు ఉన్నవాళ్లు, మూత్రం ఆపుకోలేనివాళ్లు ఆ భయంతోనే నీళ్లు తాగడం మానేస్తారు, కళ్లు తిరిగి పడిపోతారు. పాతబస్తీ రోడ్ల మీద శుభ్రమైన బాత్రూము, అదీ ఆడవాళ్లకు, వెతకడం కష్టం. ఎక్కడ ఉందో మనం ముందే చూసిపెట్టుకుని వాళ్లకు చెబితే నీళ్లు తాగుతారు.

చౌమహల్లా కూడా ఈ రోజే చూడాలని పట్టుబడితే సాయంత్రం 3 తర్వాత వెళ్లండి. నిజాముల దర్బారు అక్కడే జరిగేది. పెద్ద ఆవరణ, నడక ఉంటుంది గానీ ఎక్కాల్సిన మెట్లు తక్కువ. ఖిల్వత్ ముబారక్ హాలులో పెద్ద గాజు దీపాలు చూసి, తోటలో కాసేపు కూర్చుని వచ్చేయొచ్చు.

శుక్రవారం: చార్మినార్, మక్కా మస్జిద్

పొద్దున 8 గంటలకల్లా వెళ్తే చార్మినార్ మన సొంతమన్నట్టు ఉంటుంది. దుకాణాలింకా తెరవరు, తోపుడు బండ్లు అప్పుడే వస్తుంటాయి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడం ఎత్తు 56 మీటర్లు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం తర్వాతివి, 1889లో పెట్టినవి. పైకి తీసుకెళ్లాలనే ఆలోచన వద్దు. మెట్లు ఇరుకు, ఎత్తు, గుండ్రంగా తిరుగుతూ పోతాయి. పైకి ఎక్కాక దిగడం ఎక్కడం కంటే కష్టం, మధ్యలో కూర్చోవడానికి చోటుండదు. పై అంతస్తులో చిన్న మస్జిదు ఉందని చెబితే ఎక్కుతామంటారు. ఆ సంగతి కిందికి వచ్చాక ఇంట్లో చెప్పుకోవచ్చు.

చార్మినార్ చుట్టూ బండ్లను రానివ్వరు. ఆటో ఎక్కడ ఆపుతారో అడిగి, అక్కడి నుంచి నడవగలరో లేదో చూసుకోండి. ఇరానీ హోటల్లో టీ, ఉస్మానియా బిస్కెట్లు తప్పవు కదా. షుగరు ఉన్నవాళ్లకు వన్ బై టూ చెప్పండి, తాగినట్టూ ఉంటుంది, తక్కువా ఉంటుంది.

లాడ్‌బజార్ దుకాణాలు తెరిచేసరికి పొద్దెక్కుతుంది. అమ్మకు లక్క గాజులు కావాలంటే పది దుకాణాలు తిప్పకండి. కూర్చోబెట్టి చూపించే ఒక్క దుకాణం చూసుకోండి. బేరం మీరు చేయండి, గాజులు ఆవిడ చూసుకుంటుంది.

ఇంకో మాట. మనలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పెద్దవాళ్లకు ఉర్దూ అంతంతమాత్రం. పాతబస్తీలో "ముసల్మాన్ అయ్యుండి ఉర్దూ రాదా?" అని ఎవరో ఒకరు అంటారు, దాంతో వాళ్లు ముడుచుకుపోతారు. మా అమ్మకు గాజుల దుకాణంలో ఇదే అయింది. ఆవిడ తెలుగులోనే బేరం మొదలుపెట్టింది, దుకాణదారు కూడా తెలుగులోనే దిగొచ్చాడు. వ్యాపారులకు తెలుగు బాగానే వచ్చు, మొహమాటపడొద్దని ముందే ధైర్యం చెప్పండి.

జుమాకు 11:30కల్లా మక్కా మస్జిద్ లోపల ఉండాలి. ఆలస్యమైతే ఎండలో, మెట్ల దగ్గర చోటు దొరుకుతుంది. పదివేల మంది దాకా నమాజు చదవగల ఈ మస్జిదును కుతుబ్‌షాహీల కాలంలో మొదలుపెడితే, పూర్తయింది ఔరంగజేబు కాలంలో, 1694లో. మక్కా మట్టితో చేసిన ఇటుకలు నడిమి కమానులో వాడారని చెబుతారు, పేరు అలా వచ్చిందే. నేల మీద కూర్చోలేనివాళ్లకు మడిచే చిన్న స్టూలు వెంట తీసుకెళ్లండి. మధ్యాహ్నం ఆవరణలో రాళ్లు కాలుతాయి, చెప్పులు విప్పాక నడవాలి కదా, ఒక జత మేజోళ్లు సంచిలో పెట్టుకుంటే చాలు. జనం చెదిరేదాకా లేవకండి, అరగంట ఆగితే దారి ఖాళీ అవుతుంది. ఆడవాళ్లు జుమా రద్దీలో కాకుండా పొద్దున ఖాళీగా ఉన్నప్పుడే ఆవరణ చూసి, పావురాలకు గింజలు వేసి, ఇంటికి వెళ్లిపోవడం సుఖం. ఇద్దరు మనుషులు ఉండాలి దీనికి, ఒకరు నాన్నతో, ఒకరు అమ్మతో.

ఆవరణలో నీళ్ల తొట్టి దగ్గర రాతి అరుగులున్నాయి. వాటి మీద కూర్చున్నవాళ్లు మళ్లీ హైదరాబాద్ వస్తారని పాత నానుడి. ఉత్త నానుడే అనుకోండి. అయినా పెద్దవాళ్లను అక్కడ కూర్చోబెట్టండి. ఆ రోజు మేం కూర్చోలేదు.

శనివారం: గోల్కొండ కాదు, సమాధులు

గోల్కొండ కోట పైదాకా దాదాపు 360 మెట్లు. పెద్దవాళ్లకు కుదరదు. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపించే వింత మాత్రం చూపించొచ్చు. పిల్లల్ని పైకి పంపి, తాతతో కింద చప్పట్లు కొట్టించండి. పైనుంచి పిల్లలు చెయ్యూపితే ఆయన మొహం చూడాలి.

అక్కడికి కిలోమీటరు దూరంలో కుతుబ్‌షాహీ సమాధులు. చెట్లు, నీడ, చదునైన దారులు. 1543లో చనిపోయిన సుల్తాన్ కులీ నుంచి ఆ వంశం రాజులు ఇక్కడే ఉన్నారు. ఆఖరివాడైన అబుల్ హసన్ తానీషా ఒక్కడు లేడు. ఔరంగజేబు చెరలో, దౌలతాబాద్‌లో పోయాడు. ఈ కథ చెబితే పెద్దవాళ్లు కాసేపు మాట్లాడరు, తర్వాత దువా చేసుకుంటారు. పొద్దున తెరిచే వేళకు వెళ్లి ఎండ ముదిరేలోపు వచ్చేయండి.

సంచిలో ఉండాల్సినవి

ఆ రోజు మందులు చిన్న డబ్బాలో, మందుల చీటీ ఫోటో మీ ఫోనులో. బెల్టున్న చెప్పులు. నీళ్లు, ఖర్జూరాలో బిస్కెట్లో. షుగరు మందు వేసుకున్నవాళ్లకు భోజనం ఆలస్యం కాకూడదు, బిర్యానీ కోసం లైన్లో గంట నిలబెట్టొద్దు. ఇంటి అడ్రసు, మీ ఫోను నంబరు కాగితం మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి జేబులో పెట్టండి. పెద్దవాళ్ల ఫోను చార్జింగు ఎప్పుడూ అయిపోయే ఉంటుంది. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ప్రతి చోటా దిగగానే చెప్పండి. ఛాతీలో నొప్పి, మాట తడబడటం లాంటివి కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లి చూద్దామనుకోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

రైలు శనివారం రాత్రికి ఉంటే మధ్యాహ్నం నుంచి ఇక ఎక్కడికీ తిప్పకండి. బిస్కెట్లు, గాజులు ఊళ్లో ఎవరెవరికి పంచాలో లెక్క వేసుకుని మూటలు కట్టుకోవడానికే వాళ్లకు సాయంత్రం దాకా పడుతుంది.