గేమింగ్ కంప్యూటరు విడిభాగాల ఎంపిక

గేమింగ్ కంప్యూటరు విడిభాగాల ఎంపిక అనగా కంప్యూటరు ఆటల కోసం యంత్రాన్ని విడిభాగాలతో కూర్చుకొనేటప్పుడు, ఒకదానితో ఒకటి పొసగే భాగాలను, వాటన్నిటికీ చాలినంత విద్యుత్తును అందించగల పరికరాన్ని ఎంచుకొనే పద్ధతి. ఇలా కూర్చిన యంత్రాన్ని మన దేశంలో అసెంబుల్డ్ కంప్యూటరు అంటారు. విద్యుత్ సరఫరా పరికరాన్ని బజారులో ఎస్‌ఎంపిఎస్ అని పిలుస్తారు. స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై అనే పేరుకు ఇది పొడి రూపం. ఇంటి సాకెట్టులోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చడం దీని పని.

కొనుగోలుదారులు ఎక్కువ సొమ్మును ప్రాసెసరుకు, గ్రాఫిక్స్ కార్డుకు వెచ్చించి, మిగిలిన కొద్దిపాటి డబ్బుతో ఎస్‌ఎంపిఎస్ కొనడం తరచుగా కనిపిస్తుంది. మిగతా భాగాలన్నిటికీ విద్యుత్తు దీని ద్వారానే అందుతుంది. కనుక నాసిరకం ఎస్‌ఎంపిఎస్ చెడిపోయినప్పుడు దానితో పాటు ఖరీదైన ఇతర భాగాలు కూడా పాడయ్యే ప్రమాదం ఉన్నది.

ఒకదానితో ఒకటి పొసగవలసిన భాగాలు

ప్రాసెసరు, మదర్‌బోర్డు: ప్రాసెసరు అమరే గూటిని సాకెట్టు అంటారు. ఇంటెల్ 12, 13, 14వ తరాల డెస్క్‌టాప్ కోర్ ప్రాసెసర్లకు ఎల్‌జిఎ1700 సాకెట్టు, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ శ్రేణికి ఎల్‌జిఎ1851 సాకెట్టు కావాలి. ఎఎండి రైజెన్ 5000 శ్రేణికి ఎఎం4, 2022లో మొదలైన రైజెన్ 7000 శ్రేణికి ఎఎం5 సాకెట్టు అవసరం. సాకెట్టు సరిపోయినంత మాత్రాన చాలదు. బోర్డు తయారైన తరువాత విడుదలైన ప్రాసెసరును గుర్తించడానికి బోర్డులోని బయాస్‌ను నవీకరించవలసి రావచ్చు. బోర్డు తయారీదారు ప్రకటించే ప్రాసెసర్ల జాబితాను కొనే ముందే చూసుకోవాలి. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే దానిలో అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనిదే తెరపై బొమ్మ రాదు.

ర్యామ్: డిడిఆర్4, డిడిఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాడి స్థానం వేరు. ఒకటి మరొకదాని స్లాటులో అమరదు. ఎఎం5, ఎల్‌జిఎ1851 బోర్డులు డిడిఆర్5ను మాత్రమే స్వీకరిస్తాయి. ఎల్‌జిఎ1700 బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి. 16 గిగాబైట్లు కావాలనుకుంటే ఒకే 16 కంటే రెండు 8 గిగాబైట్ల కార్డులు వేగంగా పనిచేస్తాయి.

క్యాబినెట్: ఏటిఎక్స్ బోర్డు కొలత 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటిఎక్స్ 244 × 244, మినీ ఐటిఎక్స్ 170 × 170. బోర్డు కొలతతో పాటు గ్రాఫిక్స్ కార్డు పొడవును, ప్రాసెసరు కూలరు ఎత్తును క్యాబినెట్ వివరాలతో పోల్చుకోవాలి.

విద్యుత్తు లెక్క

ఉదాహరణకు ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసరు గరిష్ఠంగా 117 వాట్లు, ఎన్విడియా ఆర్‌టిఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు 115 వాట్లు తీసుకుంటాయి. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డి, ఫ్యాన్లకు సుమారు 60 వాట్లు అనుకుంటే మొత్తం 292 వాట్లు. అయినప్పటికీ ఈ కార్డుకు ఎన్విడియా 550 వాట్ల ఎస్‌ఎంపిఎస్‌ను సూచిస్తున్నది. దీనికి కారణాలు రెండు. గ్రాఫిక్స్ కార్డులు ఆట మధ్యలో అతి స్వల్ప కాలం పాటు తమ సగటును మించి విద్యుత్తును లాగుతాయి. అలాగే గరిష్ఠ భారంతో నిరంతరం పనిచేసే ఎస్‌ఎంపిఎస్ త్వరగా వేడెక్కి దాని ఆయుర్దాయం తగ్గుతుంది. 2022లో వెలువడిన ఏటిఎక్స్ 3.0 ప్రమాణం ఇటువంటి క్షణిక భారాలను తట్టుకొనే విధంగా రూపొందింది.

పెట్టె మీది పెద్ద అంకెను నమ్మి కొనరాదు. ఎస్‌ఎంపిఎస్ పక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల వరుసను చూడాలి. ప్రాసెసరుకు, గ్రాఫిక్స్ కార్డుకు ప్రధానంగా అక్కడి నుండే విద్యుత్తు అందుతుంది. ఆ వరుసలో 45 ఆంపియర్లు ఉంటే 12 × 45 = 540 వాట్లు. 550 వాట్ల పరికరానికి ఇది తగినదే. అదే అంకె పెట్టె మీద ఉండి ఆ వరుసలో 25 ఆంపియర్లే ఉంటే నిజంగా దక్కేది 300 వాట్లు మాత్రమే.

80 ప్లస్ ముద్ర

2004లో మొదలైన 80 ప్లస్ పథకం విద్యుత్తు ఎంత వృథా అవుతున్నదో తెలుపుతుంది. 115 వోల్టుల పరీక్షలో సగం భారం వద్ద బ్రాంజ్ స్థాయికి 85 శాతం, గోల్డ్ స్థాయికి 90 శాతం సామర్థ్యం ఉండాలి. ఈ ముద్ర సామర్థ్యానికి మాత్రమే గుర్తు. అధిక వోల్టేజి, అధిక కరెంటు, షార్టు సర్క్యూట్ల నుండి రక్షణ ఉన్నదా లేదా అని విడిగా పరిశీలించాలి.

కనెక్టర్లు

గ్రాఫిక్స్ కార్డుకు మదర్‌బోర్డు స్లాటు నుండి 75 వాట్ల వరకు, 6 పిన్నుల తీగ నుండి 75, 8 పిన్నుల తీగ నుండి 150 వాట్లు అందుతాయి. ప్రాసెసరుకు వెళ్ళే 8 పిన్నుల తీగ చూడటానికి అటువంటిదే అయినా ధన, ఋణ ధ్రువాల అమరిక వేరు. ఒకదాని స్థానంలో మరొకదానిని బలవంతంగా గుచ్చరాదు. 16 పిన్నుల కొత్త కనెక్టరు 600 వాట్ల వరకు అందించగలదు. 2022లో ఆర్‌టిఎక్స్ 4090 కార్డుల వద్ద ఈ కనెక్టర్లు కరిగిన ఉదంతాలు వెలువడినప్పుడు, పూర్తిగా లోపలికి దిగకపోవడమే ప్రధాన కారణమని ఎన్విడియా తెలిపింది. తీగలు ఊడదీయగల మాడ్యులర్ ఎస్‌ఎంపిఎస్‌లలో ఒక కంపెనీ తీగను మరొక కంపెనీ పరికరానికి వాడరాదు. పిన్నుల వరుస మారితే డిస్కులు, కార్డులు కాలిపోతాయి.

ఇంటి విద్యుత్తు

ఎర్తింగ్ లేని సాకెట్టుకు కలిపితే క్యాబినెట్‌ను తాకినప్పుడు చేతికి జిల్లుమంటుంది. ఎస్‌ఎంపిఎస్ లోపలి వడపోత కెపాసిటర్ల ద్వారా వచ్చే స్వల్ప విద్యుత్తు భూమికి పోయే దారి లేకపోవడమే దీనికి కారణం. స్పైక్ బస్టర్ ఈ లోపాన్ని సరిచేయలేదు. ఎలక్ట్రీషియను చేత ఎర్తింగ్ సరిచేయించుకోవాలి. కొన్ని పాత ఎస్‌ఎంపిఎస్‌ల వెనుక 115, 230 అని ఎర్ర స్విచ్చు ఉంటుంది. అది 230 వద్దనే ఉండాలి.

సాధారణంగా దొరికే 600 విఎ యుపిఎస్ సుమారు 360 వాట్లను మాత్రమే మోయగలదు. పైన లెక్కించిన 292 వాట్లకు మానిటరు కోసం 30 వాట్లు కలిపితే అది అంచున నిలుస్తుంది. 200 వాట్ల ఆర్‌టిఎక్స్ 4070 కార్డు ఉంటే మొత్తం 400 వాట్లు దాటుతుంది. అప్పుడు ఆట మధ్యలో కరెంటు పోయిన క్షణానే యుపిఎస్ కూడా ఆగిపోవచ్చు. హైదరాబాదులో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కనుక 50 డిగ్రీల వద్ద కూడా పూర్తి వాట్లను ఇవ్వగల ఎస్‌ఎంపిఎస్ మేలు.

ఒక అపోహ

పెద్ద ఎస్‌ఎంపిఎస్ కొంటే కరెంటు బిల్లు పెరుగుతుందని కొందరు భావిస్తారు. ఇది నిజం కాదు. భాగాలకు కావలసినంత విద్యుత్తునే అది తీసుకుంటుంది. 292 వాట్ల భారానికి 85 శాతం సామర్థ్యం వద్ద గోడ సాకెట్టు నుండి సుమారు 343 వాట్లు ఖర్చవుతాయి. అనగా మూడు గంటల ఆటకు ఇంచుమించు ఒక యూనిట్.

హైదరాబాదులో కొనుగోలు

జంట నగరాలలో కంప్యూటరు విడిభాగాలకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ప్రసిద్ధి చెందినది. దీనిని సిటిసి అని వ్యవహరిస్తారు. వనస్థలిపురం వారు ఎల్‌బి నగర్ నుండి, దిల్‌సుఖ్‌నగర్ వారు అక్కడి స్టేషను నుండి 2018 సెప్టెంబరులో ఈ భాగం ప్రారంభమైన మెట్రో రెడ్ లైన్‌లో మహాత్మా గాంధీ బస్ స్టేషను చేరి, అక్కడ 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన గ్రీన్ లైన్‌కు మారి పరేడ్ గ్రౌండ్స్ వద్ద దిగితే పార్క్‌లేన్ దగ్గరే. దుకాణానికి వెళ్ళే ముందు భాగాల పూర్తి మోడల్ పేర్లను కాగితంపై వ్రాసుకోవాలి. చెప్పిన సరుకు లేదంటూ వేరొక ఎస్‌ఎంపిఎస్ ఇవ్వజూపితే 12 వోల్టుల వరుసను, వారంటీ కాలాన్ని చూసిన తరువాతనే ఒప్పుకోవాలి. ప్రతి భాగం సీరియల్ సంఖ్యతో జిఎస్‌టి బిల్లు తీసుకుంటే తరువాత వారంటీ కోరడం సులభమవుతుంది.

ఇవి కూడా చూడండి

మదర్‌బోర్డు
గ్రాఫిక్స్ కార్డు
ఓమ్ నియమం