పందెంలో మనస్సు

మన పాఠశాలల క్రీడోత్సవాలలో ఈ దృశ్యం ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. నూరు మీటర్ల పరుగులో రెండవదిగా వచ్చిన బాలిక బహుమతి కొరకు ముందుకు రాదు. వేపచెట్టు చాటున నిలబడి ఏడుస్తూ ఉంటుంది. ఆరవదిగా వచ్చిన బాలిక నవ్వుతూ పోయి కుళాయి దగ్గర నీళ్లు త్రాగుతుంది. మరుసటి ఏడు ఆ రెండవ పిల్ల పేరే ఇవ్వదు. కాళ్లలో సత్తువ ఉన్నది, ఊపిరి ఉన్నది. మరి ఎందుకు మానివేసినట్లు? శాస్త్రజ్ఞులు ఈ విధమైన ప్రశ్నలు అడుగనారంభించి నూట పాతికేళ్లు దాటినది. ఆ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం మన తెలుగుదేశంలోనే జరిగినదని చాలమంది ఎరుగరు.

మొదటివాడు నార్మన్ ట్రిప్లెట్. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పరిశోధన చేసినాడు. సైకిలు పందేలంటే ప్రాణం. ఒంటరిగా గడియారంతో పోటీపడే సైకిలువాని కంటె, ప్రక్కన మరొకడు ఉన్నప్పుడు త్రొక్కేవాడు వేగంగా పోతున్నాడని పందేల లెక్కలలో గమనించినాడు. కారణం తెలుసుకొనడానికి చేపల గాలానికి దారం చుట్టే చక్రాలు రెండు ఒక చట్రానికి బిగించి, 40 మంది పిల్లల చేత త్రిప్పించినాడు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి జోడీతో. 1898లో ఫలితాలు ప్రకటించినాడు. 20 మంది పోటీలో వేగం పెంచుకున్నారు. 10 మందిలో పెద్ద మార్పు లేదు. మిగిలిన 10 మంది పోటీ వచ్చేసరికి వెనుకబడినారు! ముఖం ఎర్రబడినది, రొప్పు వచ్చినది, చేతి కండరాలు బిగుసుకొనిపోయినవి. గెలవాలనే ఆత్రమే చేతిని పట్టివేసినదన్నమాట. తరువాతి పాఠ్యపుస్తకాలన్నీ ఆ 20 మందినే తలచుకున్నవి. ఈ 10 మందిని మరచిపోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. మన వేపచెట్టు క్రింది బాలిక వారి జట్టులోనిదే.

1925లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ క్రీడాకారుల మనస్తత్వం కొరకు ప్రత్యేకంగా ఒక ప్రయోగశాల నడిపినాడు. 1932లో అది మూతపడినది. ఇక కాకినాడకు వద్దాం.

తరువాతి కాలంలో హార్వర్డ్‌లో ఆచార్యుడైన డేవిడ్ మెక్లెలాండ్, ఒక పనిని బాగా చేయాలనే తపనకు ‘సాధనాప్రేరణ’ అని పేరు పెట్టి 1953లో సహచరులతో కలిసి గ్రంథం ప్రకటించినాడు. ఆ తపనను కనిపెట్టడానికి ఆయన వాడిన ఆటలలో ఒకటి బహు సులభమైనది. మీ బడిలోనూ ఆడించవచ్చును. నేలలో ఒక మేకు పాతండి. చేతికి కొన్ని వలయాలు ఇచ్చి, ‘ఎంత దూరంనుండి విసరుతావో నీ ఇష్టం’ అనండి. సాధనాప్రేరణ బలంగా ఉన్నవాడు మధ్యదూరంలో నిలుస్తాడు. అక్కడ పడవచ్చు, పడకపోవచ్చు. గురి కుదిరితే అది తన నేర్పే. ఓటమి భయం ఎక్కువైనవానికి రెండు దారులని 1957లో జాన్ అట్కిన్సన్ సిద్ధాంతీకరించినాడు. ఒకటి మేకు ప్రక్కనే నిలబడడం, అక్కడ తప్పే ప్రసక్తి లేదు. రెండవది మరీ దూరం పోవడం, అక్కడ తప్పినా ఎవరూ నిందించరు.

ఈ ప్రేరణను పెద్దవారికి నేర్పవచ్చునా? దీనిని పరీక్షించడానికి మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ అనువారు కాకినాడను ఎన్నుకున్నారు. 1964లో అక్కడి వర్తకులు, చిన్న పరిశ్రమల యజమానులు జట్లుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు వచ్చి శిక్షణ పొందినారు. బొమ్మలు చూచి కథలు వ్రాసినారు, తమ లక్ష్యాలు కాగితం మీద పెట్టినారు, వలయాల ఆట కూడ ఆడినారు. పోలిక కొరకు రాజమండ్రి వ్యాపారులను శిక్షణ లేకుండ ఉంచినారు. తరువాత విచారించగా శిక్షణ పొందినవారు క్రొత్త పనులకు ఎక్కువగా పూనుకొన్నట్లు తేలినది. 1969లో ఈ వివరాలు పుస్తకంగా వెలువడి, కాకినాడ పేరు మనస్తత్వశాస్త్ర గ్రంథాలలోనికి ఎక్కినది.

అయితే ఒక మాట. ఆ వర్తకులు పెద్దవారు, తమ మేలు తామెరిగినవారు. పదేళ్ల పిల్లవాని సంగతి వేరు. వాని తపనలో తనది ఎంత, తండ్రిది ఎంత, డ్రిల్లు మాస్టరుది ఎంత? 1973లో మార్క్ లెప్పర్ బృందం శిశుపాఠశాలలో, ఇష్టంగా బొమ్మలు గీసే పసివారిలో కొందరికి ముందే ప్రశంసాపత్రం ఆశ చూపినది. కొన్నాళ్ల తరువాత చూస్తే, ఆశ చూపని పిల్లలు గీసేదానిలో సగంసేపే వారు గీసినారు. బహుమతి వచ్చి ముచ్చటను తినివేసినది.

1980లలో జాన్ నికల్స్ మరొక భేదం చూపినాడు. ‘నిన్నటికంటె నేడు మెరుగైనానా?’ అనుకునే మనస్సు ఒకటి, ‘ప్రక్కవానికంటె మిన్ననా?’ అనుకునేది మరొకటి. దీనిని జోన్ డ్యూడా క్రీడారంగానికి వర్తింపజేసినది. రాయలసీమ పల్లెవారికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. గుడి ముందరి రాతిగుండును ఎత్తబోయే కుర్రవాడు మొదటి ఏడు మోకాలివరకు, పై ఏడు రొమ్ములవరకు లేపుతాడు. గుండు మారదు, మారేది వాడే. అదే గుండు తిరునాళ్లలో పందెమైనప్పుడు కొలత ప్రక్కవాడవుతాడు.

ఇక పరిపూర్ణతాకాంక్ష, అనగా లోపమే ఉండరాదనే పట్టుదల. 1978లో హామాచెక్ దీనిని ఆరోగ్యకరమైనది, రోగప్రాయమైనది అని రెండుగా విభజించినాడు. 1991లో కెనడాలో హ్యూయిట్, ఫ్లెట్ అనువారు, ఆ ఆజ్ఞ ఎవరిది అని అడిగినారు. తనకు తాను విధించుకున్నదా, ఇతరులపై విధించేదా, ఇతరులు తనపై విధించినారని నమ్మేదా? మూడవదే ప్రమాదకరం. యువక్రీడాకారులలో ఉన్నత ప్రమాణం పెట్టుకొనడం ఒక్కటే అంత చెరుపు చేయదనీ, తప్పులను గూర్చిన బెంగ, పెద్దలు ఏమంటారో అనే భయం కలిసినప్పుడు అలసట, ఆటపై విరక్తి పెరుగుతున్నవనీ తరువాతి పరిశోధనలు చూపినవి. బ్రిటనులో ఈ పని చేస్తున్న ఆండ్రూ హిల్, థామస్ కరన్‌తో కలిసి 1989నుండి 2016వరకు అమెరికా, కెనడా, బ్రిటను దేశాల కళాశాల విద్యార్థులు 40 వేలకు పైగా మంది ఇచ్చిన సమాధానాలు పోల్చినాడు. మూడూ పెరిగినవి, ఎక్కువగా పెరిగినది మూడవదే.

కర్నూలు, కడప సీమలో ఈ భారం మరొక రూపం దాలుస్తుంది. వాన నమ్మలేని మెట్టపొలం గల ఇంట పిల్లవాని పరుగు కేవలం పరుగు కాదు. క్రీడాకోటాలో ఉద్యోగం, ఒక కుటుంబానికి గట్టు. కడపలో ప్రభుత్వ క్రీడాపాఠశాల ఉన్నది. చిన్న తరగతులలోనే ఇల్లు విడిచి పిల్లలు అక్కడ చేరుతారు. ఆదోనికి చెందిన అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాపై భారతజట్టులో ఆడినది. కడప జిల్లా ఎర్రమల్లె గ్రామపు శ్రీచరణి 2025లో ప్రపంచకప్పు గెలిచిన జట్టులో 14 వికెట్లు తీసినది. క్రికెట్టుకు రాకముందు ఆమె ఖోఖో, బ్యాడ్మింటన్ వంటివి ఆడినదట. వారి మనస్సులను మనం ఊహించి వ్రాయడం తగదు. కాని వారి ఛాయాచిత్రం గోడకు అంటించి, ‘నీవూ ఇట్లా కావలె’ అని ఒక పిల్లకు చెప్పినప్పుడు ఆ మాట హ్యూయిట్, ఫ్లెట్‌ల మూడు గదులలో దేనిలో పడుతుందో ఆలోచించదగినదే.

ఈ ఏటి క్రీడలలో గమనించండి. గీత దాటిన వెంటనే పిల్ల మొదట ఎటు చూస్తుంది? సమయం అడగడానికి గడియారం పట్టిన ఉపాధ్యాయునివైపా, లేక చుట్టూ నిలబడిన పెద్దల ముఖాలవైపా?