కొండపిండి నుంచి కాంతిపుంజం దాకా

మన ఊళ్ళలో మూత్రంలో రాళ్ళు పడ్డాయంటే వెంటనే వినిపించే పేర్లు ఉలవకట్టు, అరటి దూట రసం, కొండపిండి ఆకు. కొండను పిండి చేస్తుందని ఆ మొక్కకు ఆ పేరు! నిజానికి చిన్న రాయి నీళ్ళు బాగా తాగితే చాలాసార్లు దానంతటదే పడిపోతుంది, ఘనత మాత్రం ఆకుకు దక్కుతుంది. చిక్కంతా పెద్ద రాయితోనే. రెండు సెంటీమీటర్లు దాటి, జింక కొమ్ముల్లా కొమ్మలు వేసి మూత్రపిండంలో తిష్ఠ వేసిన రాయి ఒక్కోసారి నొప్పి కూడా పెట్టదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే మూత్రపిండమే లోలోపల పాడైపోతుంది. నీళ్ళు సరిగా తాగే వీలులేక గల్ఫ్ ఎండల్లో పనిచేసే మనవాళ్ళకు ఈ సంగతి మరీ ముఖ్యం.

సుశ్రుతుడు ‘అశ్మరి’ని కోసి తీసే పద్ధతిని వివరంగా చెప్పాడు. అయితే అది మూత్రాశయంలోని రాయి. 1824లో పారిస్‌లో సివియాల్ కోత లేకుండా నలగగొట్టిందీ అక్కడి రాయినే. పైనున్న మూత్రపిండంలోని పెద్ద రాయికి మాత్రం 1970ల దాకా నడుము పక్కన పెద్ద కోతే గతి.

1960లో అమెరికాలో మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజర్ వెలిగించాడు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి మల్వేనీ, బెక్ ఆ లేజర్‌ను రాళ్ళ మీద ప్రయోగించి చూశారు. రాయి పగిలింది గానీ, పుట్టిన వేడి మనిషి ఒంటికి పనికిరానిది. ఈలోగా 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, యొహాన్సన్ వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి రాయి తీశారు. 1980లో మ్యూనిక్‌లో షౌసీ బృందం బయటినుంచే షాక్ తరంగాలతో రాయిని పగలగొట్టింది. ఆ యంత్రం చేసింది డోర్నియర్ అనే విమానాల కంపెనీ! ఇక లేజర్ ఎందుకు అనిపించే రోజులవి. కానీ పెద్ద రాయిని తరంగాలతో కొడితే ముక్కలన్నీ మూత్రనాళంలో బారులు తీరి అడ్డుపడేవి. జర్మన్లు దానికి ‘రాళ్ళ వీధి’ అని పేరు పెట్టారు.

1980లలో బోస్టన్‌లో వాట్సన్, డ్రెట్లర్ ప్రభృతులు 504 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతితో డై లేజర్‌ను తయారుచేశారు. కణజాలానికి హాని తక్కువే గానీ సిస్టీన్ రాయి దానికి లొంగలేదు. ఆ లోటు తీర్చింది 1990లలో వచ్చిన హోల్మియం. 2100 నానోమీటర్ల ఆ కాంతిని నీరు అర మిల్లీమీటరు లోపే పీల్చేస్తుంది కాబట్టి దెబ్బ రాయి మీదే పడుతుంది. ఏ రకం రాయైనా పగులుతుంది. 0.2 మిల్లీమీటర్ల సన్నని ఫైబర్, వంగే స్కోపు కలిసి మూత్రపిండం మూలమూలకూ వెళ్ళగలిగాయి. ఇది నిజమైన మలుపని నా అభిప్రాయం.

అయినా రెండు సెంటీమీటర్లు దాటితే వీపు దారే నేటికీ మొదటి ఎంపిక. ఆ దారిలోనూ లేజర్ వాడవచ్చు. రక్తం పలచబరిచే మందులు ఆపలేనివారికి కింది నుంచి స్కోపుతోనే, అవసరమైతే రెండు మూడు విడతలుగా చేస్తారు. ఇటీవలి తులియం ఫైబర్ లేజర్ రాయిని మెత్తని పొడి చేస్తుంది. దాన్ని తోడెయ్యడానికి సక్షన్ గొట్టాలూ వచ్చాయి. వేడి బెడద మాత్రం పోలేదు. లేజర్ నడిచినంతసేపూ లోపల నీటిధార పారుతూనే ఉండాలి.