బాటిల్ నింపడం మర్చిపోయారు, టర్బో కారు కనుమరుగైంది

ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్తే బండి షెడ్డుకే అని మనందరికీ తెలుసు. కానీ 1962లో ఒక కంపెనీ కావాలనే ఇంజిన్‌లోకి నీళ్లు చిమ్మే కారుని షోరూమ్‌లో పెట్టి అమ్మింది. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ల ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. ఇవాళ దాని కథ.

ముందు అసలు నీళ్లెందుకో చూద్దాం. టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. వేడి మరీ ఎక్కువైతే, స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట చేరకముందే మిగతా పెట్రోల్ తనంతట తానే పేలుతుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. ఎక్కువసేపు జరిగితే పిస్టన్‌లు పాడైపోతాయి.

ఎండాకాలం కుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? బయటికి ఊరిన తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఇక్కడా అదే లాజిక్. కిలో నీళ్లు ఆవిరవ్వడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. పెట్రోల్‌కి అందులో ఆరో వంతు చాలు. మరి మిథనాల్ ఎందుకంటే, చలికి నీళ్లు గడ్డకట్టకుండా. పైగా అది కూడా బాగా చల్లబరుస్తుంది, ఇంధనంలా మండుతుంది కూడా.

ఈ ఐడియా రెండో ప్రపంచ యుద్ధంలో బాగా పనిచేసింది. జర్మన్ ఫైటర్ విమానాల్లో సగం నీళ్లు, సగం మిథనాల్ ఉన్న ఎండబ్ల్యూ 50 వాడారు. అమెరికా పీ-47 థండర్‌బోల్ట్ ఇంజిన్ పవర్, నీళ్ల ఇంజెక్షన్‌తో 2,000 నుంచి 2,300 హార్స్‌పవర్‌కి పెరిగింది. అయితే ఇదంతా కొద్ది నిమిషాల ఎమర్జెన్సీ కోసమే. విమానం దిగగానే ట్యాంక్ నింపడానికి గ్రౌండ్ సిబ్బంది రెడీగా ఉండేవారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు జెట్‌ఫైర్‌కి వద్దాం. 3.5 లీటర్ల అల్యూమినియం వీ8, టర్బోతో 215 హార్స్‌పవర్. కంప్రెషన్ 10.25. ఆ రోజుల్లో టర్బో ఇంజిన్‌కి అది చాలా ఎక్కువ. అందుకే బానెట్ కింద ఒక బాటిల్ పెట్టారు. అందులో నీళ్లు, మిథనాల్, కాస్త తుప్పు పట్టనివ్వని మందు. పేరేమో టర్బో రాకెట్ ఫ్లూయిడ్!

బాటిల్ ఖాళీ అయితే? ఇంజినీర్లు అదీ ఆలోచించారు. లోపల ఒక వాల్వ్ మూసుకుని టర్బో ప్రెషర్‌ని తగ్గించేస్తుంది. ఇంజిన్ సేఫ్. కానీ ఓనర్‌కి అనిపించేదేంటి? నిన్నటిదాకా దూసుకెళ్లిన కారు ఇవాళ లాగట్లేదు. చాలామంది ఆ బాటిల్ నింపనే లేదు. కంప్లైంట్‌లు మొదలయ్యాయి. 1962, 63 మోడళ్లు రెండూ కలిపినా పదివేల కార్లు కూడా తయారవ్వలేదు. చివరికి 1965లో కంపెనీయే టర్బో పీకేసి, మామూలు కార్బ్యురేటర్ ఫ్రీగా బిగిస్తామంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటివాటికి "యూజర్ తప్పు" అని రాసి టికెట్ క్లోజ్ చేసేవాళ్లం. కానీ నిజంగా తప్పు యూజర్‌దా? విమానానికి ఉన్న సిబ్బంది, ఆఫీసుకి కారేసుకెళ్లే మనిషికి ఎక్కడినుంచి వస్తారు? ఇంజినీర్లు ఇంజిన్‌ని కాపాడారు, మనిషి మర్చిపోతాడన్న సంగతికి మాత్రం సరైన పరిష్కారం చూపలేకపోయారు.

తర్వాత వచ్చిన పరిష్కారాలు చూడండి. 1980ల్లో స్వీడన్‌కి చెందిన సాబ్, నాకింగ్‌ని సెన్సార్‌తో పసిగట్టి టర్బో ప్రెషర్‌ని తానే తగ్గించే ఏపీసీ సిస్టమ్ తెచ్చింది. ఇంటర్‌కూలర్, డైరెక్ట్ ఇంజెక్షన్ కూడా అంతే. చల్లబరిచే పని ఇంజిన్‌దే, ఓనర్ నింపాల్సిన బాటిలే లేదు. 2015లో బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్‌తో నీళ్ల ఇంజెక్షన్ మళ్లీ వచ్చింది, కానీ అది ట్రాక్ మీద తోలేవాళ్ల కోసం చేసిన కారు. వాళ్లు ట్యాంక్ నింపడం మర్చిపోరు.

మన బీఎస్6 డీజిల్ బండ్లలో కొన్నింటికి యాడ్‌బ్లూ పోయాలి కదా. అది అయిపోవస్తుంటే ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్లగలరో స్క్రీన్ మీద లెక్క చూపిస్తుంది. జెట్‌ఫైర్ నేర్పిన పాఠం ఇదే: మనిషి మర్చిపోతాడు, ఆ సంగతి డిజైన్ మర్చిపోకూడదు.

ఒక్క మాట, మిథనాల్ విషం. ఇంట్లో ప్రయోగాలు వద్దు.